కీర్కెగార్డ్, విశ్వాసం, చర్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

సోరెన్ కీర్కెగార్డ్ పేరు తెలుగులో ఎక్కువగా అస్తిత్వవాదం మీద వచ్చే వ్యాసాల్లో కనిపిస్తుంది. అక్కడ ఆయన్ని ఒక పేరాలో ముగించేసి సార్త్ర్, కామూల దగ్గరికి వెళ్ళిపోతారు. క్రైస్తవుల మధ్య ఆయన ప్రస్తావన వస్తే చర్చిని తిట్టిపోసిన మనిషిగా, చావుబతుకుల్లో కూడా పాస్టరు చేతి ప్రభు భోజనపు రొట్టె వద్దన్న మనిషిగా వస్తుంది. ఆ రెండూ అబద్ధం కాదు గానీ, అవి మాత్రమే తెలిస్తే ఆయన తెలిసినట్టు కాదు. చర్చి మీద ఆయనకు అంత కోపం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే, ముందు విశ్వాసం అంటే ఆయన ఏమనుకున్నాడో తెలియాలి. అందుకే ఈ ప్రశ్నలను ఆ వరసలోనే పెట్టాను.

ఎవరీ కీర్కెగార్డ్?

డెన్మార్క్ తత్వవేత్త. 1813 మే 5న ఆ దేశ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పుట్టాడు. 1855 నవంబర్ 11న అదే ఊళ్ళో, 42 ఏళ్ళ వయసులో చనిపోయాడు. తండ్రి మికాయెల్ చిన్నప్పుడు జట్లాండ్ బీడు భూముల్లో గొర్రెలు కాసిన పేదవాడు. ఆకలికీ చలికీ తట్టుకోలేక ఒకరోజు దేవుణ్ణి శపించాడట. ఆ తరువాత రాజధానికి వచ్చి ఉన్ని బట్టల వ్యాపారంలో బాగా సంపాదించాడు గానీ, ఆ శాపం తన ఇంటిని వెంటాడుతోందన్న భయం మాత్రం వదల్లేదు. ఏడుగురు పిల్లల్లో ఐదుగురు తండ్రి కళ్ళముందే పోయారు. మిగిలింది పెద్దవాడు పీటర్, కడగొట్టువాడు సోరెన్.

సోరెన్ వేదాంతశాస్త్రం చదివాడు. పాస్టరు కావడానికి కావలసిన అర్హతలన్నీ ఉన్నా ఏ సంఘానికీ పాస్టరుగా వెళ్ళలేదు. 1840లో రెగీన్ ఓల్సెన్‌తో నిశ్చితార్థమైంది, మరుసటి ఏడాది తనే తెంచుకున్నాడు. తండ్రి ఆస్తి మీద బతుకుతూ పన్నెండు, పదమూడేళ్ళలో ఒక గ్రంథాలయానికి సరిపడా రాశాడు. పోయేనాటికి ఆ ఆస్తి దాదాపుగా అయిపోయింది.

ఆయన్ని అస్తిత్వవాది అనవచ్చా?

ఆయన తనను అలా పిలుచుకోలేదు, ఆ పేరు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. కానీ ఒక మనిషి తన బతుకును తానే బతకాలి, తన నిర్ణయం తానే తీసుకోవాలి, ఆ భారం ఎవరికీ అప్పగించలేడు అన్న ఆలోచనకు ఆయనే మూలపురుషుడు. జర్మన్ తత్వవేత్త హెగెల్ తత్వం యూరప్‌ను ఊపేస్తున్న రోజులవి. ప్రపంచ చరిత్ర మొత్తాన్నీ ఒక వ్యవస్థలో ఇమిడ్చి చెప్పగలిగిన ఆ తత్వంలో, రేపు చనిపోబోయే ఒక మామూలు మనిషికి చోటెక్కడుందని కీర్కెగార్డ్ అడిగాడు.

విశ్వాసం అంటే ఆయన దృష్టిలో ఏమిటి?

కొన్ని సిద్ధాంతాలకు తలూపడం విశ్వాసం కాదు. క్రైస్తవ్యం తెలుసుకోవాల్సిన సమాచారం కాదు, బతకాల్సిన బతుకు. ఇదే ఆయన పట్టుదల.

1846లో జోహానెస్ క్లిమాకస్ అన్న మారుపేరుతో తెచ్చిన పెద్ద పుస్తకంలో ఒక చిన్న సన్నివేశం ఉంటుంది. ఒక ఉద్యోగస్తుడికి తాను నిజంగా క్రైస్తవుడేనా అని అనుమానం వస్తుంది. ఆ మాట భార్యతో అంటాడు. ఆమె ఆశ్చర్యపోతుంది. మీరు డెన్మార్క్‌వాళ్ళు కదా, ఈ దేశంలో లూథరన్ క్రైస్తవ మతమే ఉందని భూగోళం పుస్తకంలో లేదూ, మీరు యూదులు కారు, ముస్లిం కారు, ఆఫీసులో పని చక్కగా చేసుకుంటారు, రాజుగారికి విధేయులు, మరి క్రైస్తవులు కాక ఇంకేమిటి అంటుంది. ఆమె మాటల్లో వెటకారం లేదు, మనస్ఫూర్తిగానే అంటోంది. ఎవరైనా క్రైస్తవుడు కాగలిగే దారి ఆ దేశంలో ఎలా మూసుకుపోయిందో ఆ ఒక్క సంభాషణ చూపిస్తుంది. పుట్టుకతోనే అయిపోయినవాడికి ఇంక అవ్వాలన్న ఆలోచన ఎందుకొస్తుంది?

1849 నాటి 'మరణానికి దారితీసే వ్యాధి' పుస్తకంలో ఇంకో మాట ఉంది. పాపానికి వ్యతిరేకం పుణ్యం కాదు, విశ్వాసం. రోమీయులకు రాసిన పత్రికలో "విశ్వాసమూలము కానిది ఏదో అది పాపము" అన్న వాక్యం మీద ఆ మాట నిలబడింది. మంచి పనుల లెక్క పెరిగితే పాపం తగ్గుతుందన్న అలవాటైన ఆలోచనను ఇది పక్కకు తోసేస్తుంది. మనిషి తాను తానుగా ఉండటానికి ఒప్పుకుని, తనను చేసిన దేవుని మీద పారదర్శకంగా ఆనుకోవడమే విశ్వాసం అంటాడక్కడ. ఆయన రాసినవన్నింటిలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఈ నిర్వచనమే.

అయితే అది "గుడ్డిగా దూకడం" కాదా?

"విశ్వాసపు గెంతు" అన్న పదబంధాన్ని ఆయన నోట పెట్టింది తరువాతివాళ్ళు. ఆయన "గెంతు" అన్న మాట వాడాడు, నిజమే. ఎన్ని రుజువులు పోగేసినా అవి మనిషిని నిర్ణయం అంచుదాకా తీసుకొస్తాయే తప్ప నిర్ణయాన్ని తీసుకోలేవు. ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు తర్కం తీసుకెళ్తుంది. ఒక రకం బతుకు నుంచి ఇంకో రకం బతుక్కి మాత్రం మనిషే వెళ్ళాలి. ఆ వెళ్ళడమే గెంతు.

గుడ్డితనం అనడం ఎందుకు తప్పంటే, ఆయన చెప్పే విశ్వాసి కళ్ళు తెరుచుకునే ఉంటాడు. తనకు ఖాయంగా తెలియదని అతనికి తెలుసు. డెబ్భై వేల బారల లోతు నీళ్ళమీద ఉంటూ కూడా సంతోషంగా ఉండటం అని క్లిమాకస్ అంటాడు. లోతు తెలియనివాడికి ఆ భయమూ లేదు, ఆ విశ్వాసమూ లేదు.

యేసు దేవుడని చరిత్ర రుజువు చేయగలదా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. చేయలేదు అంటాడు. పద్ధెనిమిది వందల ఏళ్ళుగా కోట్లమంది నమ్మారన్నది రుజువు కాదు. అంతెందుకు, యేసు పక్కన నడిచిన వాళ్ళకు కూడా మనకంటే సులువేమీ లేదు. వాళ్ళకు కనబడింది వడ్రంగి కొడుకు. ఆయన్ని దేవుడని నమ్మడం వాళ్ళకూ అంతే కష్టం, మనకూ అంతే కష్టం. అందుకే ప్రతి విశ్వాసీ క్రీస్తుకు సమకాలికుడు కావాలి అంటాడు. ఆ వడ్రంగి కొడుకు నీ వీధిలో నిలబడి పిలిస్తే వెళ్తావా, సిగ్గుపడి తప్పుకుంటావా?

"సత్యం ఆత్మగతం" అంటే ఎవరికి తోచింది వాళ్ళకు నిజమనా?

కాదు. రెండు రెళ్ళు నాలుగు అన్న విషయంలో ఆయన ఈ మాట అనలేదు. దేవునితో మనిషికున్న సంబంధం గురించి అన్నాడు. ఆ సంబంధంలో నువ్వు ఏది నమ్ముతున్నావన్నది ఎంత ముఖ్యమో, ఎలా నమ్ముతున్నావన్నదీ అంత ముఖ్యం.

దీనికి ఆయనిచ్చిన ఉదాహరణ చాలామంది క్రైస్తవులకు మింగుడుపడదు. ఒకడు నిజదేవుని గురించిన సరైన అవగాహనతో, నిజదేవుని మందిరంలో, మనసు పెట్టకుండా ప్రార్థిస్తాడు. ఇంకొకడు విగ్రహాలున్న దేశంలో విగ్రహం ముందు తన సర్వస్వం పెట్టి ప్రార్థిస్తాడు. సత్యం ఎవరి దగ్గర ఎక్కువుంది? రెండోవాడు విగ్రహాన్ని మొక్కుతున్నా నిజంగా దేవునికే ప్రార్థిస్తున్నాడు, మొదటివాడు దేవునికి అబద్ధంగా ప్రార్థిస్తున్నాడు కాబట్టి నిజానికి విగ్రహాన్నే మొక్కుతున్నాడు అంటాడు. దీన్ని పట్టుకుని ఆయనకు సిద్ధాంతం అక్కర్లేదని అనుకోకూడదు. లూథరన్ విశ్వాస ప్రమాణాన్ని మార్చాలని ఆయన ఎప్పుడూ అడగలేదు. బోధ బాగానే ఉందన్నాడు. ఆ బోధకు ఎదురుగా నిలబడాల్సిన బతుకే ఎక్కడా కనబడలేదు.

అబ్రాహాము కథను ఆయన ఎందుకంతగా పట్టుకున్నాడు?

ఆదికాండం 22వ అధ్యాయం మనకు బాగా తెలిసిన కథ. తెలిసిన కథ కావడమే చిక్కు. 1843లో వచ్చిన 'భయంతో, వణుకుతో' పుస్తకం చేసే పని ఆ తెలిసినతనాన్ని చెరిపేయడం. ఇస్సాకును బలివ్వమన్న మాట విన్నాక అబ్రాహాము గాడిదకు గంత కట్టాడు, కట్టెలు చీల్చాడు, మూడు రోజులు నడిచాడు. ప్రసంగాల్లో ఆ మూడు రోజులూ ఒక్క వాక్యంలో గడిచిపోతాయి. చివర పొట్టేలు ఉందని వినేవాళ్ళకు ముందే తెలుసు. అబ్రాహాముకు తెలియదు.

ఈ పుస్తకం ఒక ప్రశ్న ముందు మనల్ని నిలబెడుతుంది. ఆదివారం పాస్టరు అబ్రాహామును పొగిడిన ప్రసంగం విని, ఎవరైనా ఇంటికెళ్ళి తన కొడుకును బలివ్వబోతే అదే పాస్టరు పరుగెత్తుకొచ్చి, ఏ దయ్యం పట్టిందిరా నీకు అని గద్దిస్తాడు. అప్పుడు ఆ మనిషి, మీరు నిన్న చెప్పింది ఇదే కదా అంటే పాస్టరు దగ్గర జవాబేముంటుంది? కొడుకును చంపమని కీర్కెగార్డ్ ఎవరికీ చెప్పడం లేదు. నీతి మాటల్లో అబ్రాహాము హంతకుడు. విశ్వాసం మాటల్లో విశ్వాసులకు తండ్రి. ఈ రెంటి మధ్య ఉన్న భయంకరమైన ఖాళీని చూడకుండా అబ్రాహామును పొగడవద్దనే ఆయన మాట. ఆ పుస్తకం రాసినట్టు చెప్పుకున్న మారుపేరు మనిషి, మౌన జోహానెస్, తనకు అబ్రాహాము అర్థం కాడనీ తాను ఆ విశ్వాసం దాకా రాలేననీ ఒప్పుకుంటూనే రాస్తాడు. ఈ మారుపేర్లను మరిచిపోయి ప్రతి వాక్యాన్నీ కీర్కెగార్డ్ సొంత మాటగా చదివితే దారి తప్పుతాం.

అందులోనే అబ్రాహామంతటి విశ్వాసి ఈరోజు మన ఊళ్ళో ఎలా ఉంటాడో ఊహించిన ఘట్టం ఉంది. పన్నులు వసూలు చేసే గుమాస్తాలా ఉంటాడట. పని ముగించుకుని ఇంటికి నడుస్తూ, భార్య ఈ పూట ఏదో ప్రత్యేకంగా వండి ఉంటుందని, వేయించిన గొర్రె తలకాయ, కూరగాయలు పెడుతుందని ఆశపడతాడు. జేబులో చిల్లిగవ్వ లేకపోయినా అలాగే నమ్ముతాడు. ఇంటికెళ్ళాక అది లేకపోయినా వింతగా అదే సంతోషంతో ఉంటాడు. ముఖంలో దివ్యకాంతి లాంటిదేమీ ఉండదు. అతను అన్నీ దేవునికి వదిలేసుకున్నవాడు, వదిలేసుకున్నవన్నీ ఈ లోకంలోనే మళ్ళీ అందుకుంటున్నవాడు. విశ్వాసాన్ని వైరాగ్యం నుంచి వేరుచేసేది ఇదే. వదులుకోవడం వరకు మనిషి తన బలంతో చేయగలడు. తిరిగి అందుకోవడానికి మాత్రం విశ్వాసం కావాలి.

అప్పటి డెన్మార్క్ చర్చి ఎలా ఉండేది?

1849 జూన్ 5న వచ్చిన రాజ్యాంగం దాకా డెన్మార్క్‌లో రాజుదే సర్వాధికారం, లూథరన్ చర్చి రాజ్యంలో భాగం. ఆ రాజ్యాంగం మత స్వేచ్ఛ ఇచ్చింది గానీ, లూథరన్ చర్చిని "డెన్మార్క్ ప్రజల చర్చి"గా ప్రకటించి దాన్ని ప్రభుత్వమే పోషిస్తుందని కూడా రాసింది. పాస్టర్లు రాజోద్యోగులు. ఊళ్ళో జనన మరణాల రిజిస్టర్లు వాళ్ళ దగ్గరే ఉండేవి. కన్ఫర్మేషన్, అంటే పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్ళు పెరిగాక ఆ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే ఆచారం, 1736 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. 1840లలో, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదని నమ్మే బాప్టిస్టుల పిల్లలకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించే దాకా పోయింది వ్యవహారం. అలా చేయనన్న పాస్టర్లలో కీర్కెగార్డ్‌కు అన్నయ్య పీటర్ ఒకడు. ఆ బలవంతపు బాప్తిస్మాల వెనక ఉన్నది బిషప్ మిన్‌స్టర్.

చర్చితో గొడవ ఎలా మొదలైంది?

జాకోబ్ పీటర్ మిన్‌స్టర్ 1834 నుంచి డెన్మార్క్‌లో అందరికంటే పెద్ద బిషప్. అంతకుముందే కీర్కెగార్డ్ తండ్రికి పాస్టరు. ఆయన ప్రసంగాలు ఆ ఇంట్లో చదువుకునేవారు. సోరెన్ కూడా పెద్దయ్యాక వాటిని వదల్లేదు. ఈ బంధం తెలియకపోతే తరువాతి కోపం అర్థం కాదు.

మిన్‌స్టర్ 1854 జనవరి 30న చనిపోయాడు. ఫిబ్రవరి 5న ప్రొఫెసర్ మార్టెన్‌సెన్ జ్ఞాపక ప్రసంగం చేస్తూ, అపొస్తలుల కాలం నుంచి వస్తున్న సత్యసాక్షుల గొలుసులో మిన్‌స్టర్ ఒక లంకె అన్నాడు. కీర్కెగార్డ్ ఆ నెలలోనే జవాబు రాశాడు గానీ బల్ల సొరుగులో పెట్టేశాడు. ఏప్రిల్‌లో మార్టెన్‌సెనే మిన్‌స్టర్ స్థానంలో బిషప్ అయ్యాడు. డిసెంబర్ 18న 'ఫేడ్రెలాండెట్' పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. ఊరు ఉలిక్కిపడింది.

వ్యాసంలో వాదన సూటిగా ఉంటుంది. సత్యానికి సాక్షి అంటే ఎవరు? పేదరికంలో, అవమానంలో బతికినవాడు. కొరడా దెబ్బలు తిన్నవాడు. ఒక చెరసాల నుంచి ఇంకో చెరసాలకు ఈడ్వబడి, చివరికి సిలువ వేయబడినవాడు, తల నరకబడినవాడు, కాల్చబడినవాడు. మిన్‌స్టర్ ఎలా బతికాడు? రాజదర్బారులో గౌరవం, మంచి జీతం, పెద్ద భవనం, సంగీతంతో అంత్యక్రియలు. ఆయన మంచి ప్రసంగికుడు, తెలివైనవాడు, అందులో అనుమానం లేదు. సాక్షి మాత్రం కాడు. మార్టెన్‌సెన్ డిసెంబర్ చివర్లో ఒక్కసారి జవాబిచ్చి మరి నోరు విప్పలేదు.

ఆయన చర్చి నుంచి అడిగింది ఏమిటి? అందరూ హతసాక్షులు కావాలనా?

అది కాదు. ఆయన అడిగింది ఒక ఒప్పుకోలు. మేము ఇస్తున్నది కొత్త నిబంధనలోని క్రైస్తవ్యం కాదు, మనుషులు తట్టుకోగలిగేలా పలచన చేసిన క్రైస్తవ్యం, ఆ కొలతకు మేము తూగలేదు, అందుకే కృపను ఆశ్రయిస్తున్నాం అని బిషప్ గట్టిగా చెబితే చాలన్నాడు. 1850లో 'క్రైస్తవ్యంలో అభ్యాసం' అచ్చువేసినప్పుడు మిన్‌స్టర్ నోటినుంచి ఆ మాట వస్తుందని ఎదురుచూశాడు. మిన్‌స్టర్ ఆ పుస్తకాన్ని పవిత్ర విషయాలతో ఆటలాడటంగా చూశాడే తప్ప ఒప్పుకోలేదు. కీర్కెగార్డ్ ఆయన పోయేదాకా ఆగాడు.

1855 మార్చిలో, నాకేం కావాలి అని తనే ప్రశ్న వేసుకుని, నిజాయితీ కావాలి అని తనే జవాబు రాశాడు. తాను కఠినమైన క్రైస్తవ్యం పక్షానా లేననీ మెత్తటి క్రైస్తవ్యం పక్షానా లేననీ అన్నాడు. ఈ తరం క్రైస్తవ్యం మీద తిరగబడాలనుకుంటే దాన్ని కూడా బాహాటంగా, దాపరికం లేకుండా చేయమన్నాడు. ఆయన దాడిని చర్చి ద్వేషంగా చదివేవాళ్ళు ముందు ఈ చిన్న వ్యాసం చదవాలి.

'క్షణం' పత్రికలో అంత ఘాటుగా ఏం రాశాడు?

1855 మే 24 నుంచి సెప్టెంబర్ 24 దాకా తన సొంత డబ్బుతో 'క్షణం' అనే చిన్న పత్రిక తొమ్మిది సంచికలు తెచ్చాడు. పదోది ఆయన పోయాక బల్లమీద దొరికింది.

అందులో ఒక వేదాంత విద్యార్థి కథ ఉంది. అతని పేరు లుడ్విగ్ ఫ్రొమ్. "ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి" అన్న వాక్యం ప్రకారం బతకాలని అతని ఉద్దేశం. కానీ మొదట పరీక్షలు పాసవ్వాలి. పాసయ్యాక మొదట ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఏళ్ళు గడుస్తాయి. మొదట నిశ్చితార్థం చేసుకోవాలి, మొదట ఒక స్థిరమైన పదవి దొరకాలి. చివరికి దొరుకుతుంది. తీరా చూస్తే రాబడి అనుకున్నదానికంటే నూటయాభై రిగ్స్‌డాలర్లు (అప్పటి డెన్మార్క్ డబ్బు) తక్కువని తేలుతుంది. ఆ ఉద్యోగం మానుకుందామన్నంత నిరాశ వస్తుంది, స్నేహితులు నచ్చజెప్పి ఆపుతారు. పదవిలో కూర్చోబెట్టే రోజు పై పాస్టరు ప్రసంగించిన వాక్యం: "ఇదిగో మేము సమస్తమును విడిచిపెట్టి నిన్ను వెంబడించితిమి." తరువాత కొత్త పాస్టరు లేచి తన మొదటి ప్రసంగం చేస్తాడు. వాక్యం: దేవుని రాజ్యమును మొదట వెదకుడి. అక్కడే ఉన్న బిషప్ చాలా బాగుందన్నాడు.

దీన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ముందు నవ్వొస్తుంది, తరువాత ఇబ్బందిగా ఉంటుంది. ఫ్రొమ్ చెడ్డవాడు కాడు. అతను చేసిన ప్రతి పనీ న్యాయమైనదే, మనందరం చేసేదే. తప్పు ఏ ఒక్క మెట్టులోనూ దొరకదు.

ఇంకో చోట ఇరుకు ద్వారం సంగతి. జీవానికి పోయే దారి ఇరుకనీ, దాన్ని కనుగొనేవారు కొందరేననీ యేసు చెప్పాడు. డెన్మార్క్‌లో దేశమంతా క్రైస్తవులే, అంటే దారి వీలైనంత వెడల్పుగా ఉంది. అలాంటప్పుడు రెండిట్లో ఒకటే నిజం కావాలి. పాస్టర్లను నరమాంస భక్షకులన్నంత దూరం కూడా వెళ్ళాడు, హతసాక్షుల బాధల మీద జీతం తింటున్నారని ఆయన ఉద్దేశం. ఆ మాట అన్యాయమే. అప్పటి పల్లెటూళ్ళలో చిన్న రాబడితో జబ్బుపడ్డవాళ్ళ మంచాల పక్కన కూర్చున్న పాస్టర్లకు అది తగలకూడని దెబ్బ.

ఆదివారం ఆరాధన గురించి ఆయన ఏమన్నాడు?

1847 నాటి ఒక ప్రసంగ రచనలో ఆయన చెప్పిన పోలిక చాలా ప్రసిద్ధం. చర్చిలో పాస్టరు నటుడని, మనం ప్రేక్షకులమని అనుకుంటాం. ప్రసంగం బాగుంది, బాగాలేదు అని తీర్పులిస్తూ ఇంటికొస్తాం. అసలు సంగతి తలకిందులు. పాస్టరు తెర పక్కనుంచి మాట అందించేవాడు మాత్రమే. నటించాల్సింది వినేవాడు. చూసేవాడు దేవుడు.

దాడి చేసిన చివరి ఏడాదిలో మాత్రం ఈ మెత్తదనం పోయింది. ఇప్పుడు జరుగుతున్న ఆరాధనలో పాల్గొనడం మానేస్తే నీ మీద ఒక పెద్ద నేరం తగ్గుతుంది, దేవుణ్ణి వెక్కిరించడంలో నీకు పాలుండదు అన్నాడు. తను కూడా వెళ్ళడం మానేశాడు. అంతకుముందు దాకా ఆయన కోపెన్‌హాగెన్ కేథడ్రల్‌లో శుక్రవారపు ప్రభు రాత్రి భోజన ఆరాధనలకు భక్తిగా వెళ్ళినవాడు, కొన్నిసార్లు అక్కడ ప్రసంగించినవాడు కూడా. అక్కడ బలిపీఠం వెనక థోర్వాల్డ్‌సెన్ చెక్కిన క్రీస్తు విగ్రహం చేతులు చాచి ఉంటుంది. కింద "నా యొద్దకు రండి" అని చెక్కి ఉంటుంది. 'క్రైస్తవ్యంలో అభ్యాసం' మొదలయ్యేది ఆ మత్తయి వాక్యంతోనే: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." పిలుస్తున్నది మహిమలో ఉన్న క్రీస్తు కాదు, తల దాచుకోవడానికి చోటు లేని మనిషి అని గుర్తుచేస్తాడు.

అయితే సంఘమే అక్కర్లేదంటాడా?

ఇక్కడ ఆయనతో నాకు పేచీ ఉంది. గుంపు అసత్యం అన్నాడు, దేవుని ముందు ప్రతి మనిషీ ఒంటరిగానే నిలబడాలన్నాడు. అది బలమైన మాట. అయినా 'ప్రేమ క్రియలు' (1847) రాసిన మనిషికి పొరుగువాడు లేని క్రైస్తవ్యం లేదని బాగా తెలుసు. ఆ పుస్తకంలో ప్రేమ ఒక ఆజ్ఞ, ఎదుటివాడు ఎవరైనా సరే. చివరి రాతల్లో మాత్రం ఆ పొరుగువాడు కనబడడు. పెళ్ళి, పిల్లలు, ఒకరి విశ్వాసాన్ని ఇంకొకరు మోయడం, ఇవన్నీ అనుమానించాల్సినవిగా మారిపోతాయి.

అదే ఊళ్ళో అదే కాలంలో గ్రుంట్‌విగ్ అనే పాస్టరు దీనికి ఎదురు దారి చెప్పాడు. బాప్తిస్మం దగ్గర సంఘం కలిసి పలికే విశ్వాస ప్రమాణంలో, పాటలో, బల్ల దగ్గర క్రీస్తు సజీవంగా ఉన్నాడన్నది ఆయన బోధ. అన్న పీటర్ గ్రుంట్‌విగ్ పక్షం. కీర్కెగార్డ్ ఆ బోధను ఎగతాళి చేశాడు. అయితే విశ్వాసం ఎక్కడ నేర్చుకుంటారు, ఎవరి దగ్గర నేర్చుకుంటారు అన్నదానికి గ్రుంట్‌విగ్ దగ్గరున్న జవాబు కీర్కెగార్డ్ దగ్గర లేదు. కీర్కెగార్డే తన విశ్వాసాన్ని తండ్రి ఒళ్ళో, మిన్‌స్టర్ ప్రసంగాల్లో నేర్చుకున్నాడు కదా.

కృప వల్లనే రక్షణ అన్న లూథర్ బోధను ఆయన వదిలేశాడా?

వదల్లేదు. లూథరన్ చర్చికి మూలపురుషుడైన జర్మన్ సంస్కర్త లూథర్ ఆ మాట అన్నది మఠంలో ఉపవాసాలతో, భయంతో నలిగిపోయిన తరువాత. ఆ నలిగిపోవడం తీసేసి ముగింపు మాటను మాత్రమే పట్టుకుంటే, అది ఏమీ చేయకపోవడానికి అనుమతి పత్రం అవుతుందని ఆయన బాధ. కొలత ఎంతటిదో తెలిసినవాడికే కృప అవసరం తెలుస్తుంది. తాను ఆ కొలతకు తూగానని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. తనను తాను క్రైస్తవుడినని పిలుచుకోవడానికి కూడా వెనకాడాడు.

చివరి రోజుల్లో పాస్టరు చేతి రొట్టె వద్దన్నాడన్నది నిజమేనా?

నిజమే. 1855 అక్టోబర్ 2న వీధిలో కూలబడిపోయాడు. ఫ్రెడెరిక్స్ ఆసుపత్రిలో చేర్చారు. చిన్ననాటి స్నేహితుడు ఎమిల్ బోయెసెన్ రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆయనా పాస్టరే. ప్రభు భోజనం తీసుకుంటావా అని అడిగితే, తీసుకుంటాను గానీ పాస్టరు చేతినుంచి కాదు, మామూలు విశ్వాసి చేతినుంచి అన్నాడు. అది కుదరదని బోయెసెన్ అంటే, అయితే తీసుకోకుండానే పోతానన్నాడు. పాస్టర్లు రాజోద్యోగులు, రాజోద్యోగులకు క్రైస్తవ్యంతో సంబంధం లేదన్నాడు. అన్న పీటర్‌ను లోపలికి రానివ్వలేదు. ప్రశాంతంగా ప్రార్థించుకోగలుగుతున్నావా అన్న ప్రశ్నకు మాత్రం అవునన్నాడు.

నవంబర్ 18న కేథడ్రల్‌లోనే, ఆయన కాదన్న చర్చి పద్ధతిలోనే అంత్యక్రియలు జరిగాయి. ప్రసంగించింది పీటరే. సమాధి దగ్గర మేనల్లుడు హెన్రిక్ లుండ్ అనే డాక్టరు లేచి ఇది ఆయన ఇష్టానికి విరుద్ధమని, ప్రకటన గ్రంథంలో నులివెచ్చగా ఉన్నందుకు లవొదికయ సంఘాన్ని గద్దించిన మాటలు, 'క్షణం'లోని భాగాలు చదివాడు. దానికి తరువాత జరిమానా కట్టాల్సి వచ్చింది.

తెలుగు క్రైస్తవులకు ఈ డెన్మార్క్ గొడవతో ఏమైనా సంబంధం ఉందా?

చరిత్రలో ఒక దారం ఉంది. కలకత్తా దగ్గరి సేరంపూర్ 1845లో బ్రిటిష్‌వాళ్ళకు అమ్మేదాకా డెన్మార్క్ వలసే. అక్కడి మిషన్ ముద్రణాలయంలో 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. సేరంపూర్ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడెరిక్ ఇచ్చిన చార్టర్ వల్ల వచ్చింది. కీర్కెగార్డ్ అప్పుడు కోపెన్‌హాగెన్‌లో బడికి వెళ్తున్న కుర్రాడు. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో చదివిన మన పాస్టర్ల బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా ఈనాటికీ సేరంపూర్ సెనేట్ నుంచే వస్తుంది. ఇక గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాలు 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయర్ వల్ల, అమెరికా వైపు నుంచి మొదలయ్యాయి.

కానీ ఆయన మాటలను ఇక్కడికి తేవడంలో జాగ్రత్త కావాలి. ఆయన డెన్మార్క్‌లో క్రైస్తవుడిగా ఉండటం లాభం. ఇక్కడ 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం తీసుకున్న దళితుడు ఎస్సీ హోదా పోగొట్టుకుంటాడు. అందుకే చర్చికి వెళ్తూ సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. పిల్లల చదువు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నప్పుడు, నిజాయితీ కావాలి అన్న కీర్కెగార్డ్ వాక్యాన్ని తీసుకెళ్ళి వాళ్ళ మీద విసరడం నాకు సమ్మతం కాదు. ఆయన ఆ ప్రశ్న వేసింది బిషప్ భవనానికి, జీతాలు తీసుకునేవాళ్ళకు. ఇక్కడ కూడా దాన్ని ముందు అడగాల్సింది పదవుల కోసం, ఆస్తుల కోసం కోర్టులకెక్కే పెద్దలను.

ఆయన తరువాత ఈ ఆలోచనలు ఎవరి మీద పనిచేశాయి?

జర్మన్ మాట్లాడే దేశాల్లో ముందుగా. రోమా పత్రిక మీద స్విట్జర్లాండ్ వేదాంతి కార్ల్ బార్త్ రాసిన వ్యాఖ్యానం రెండో కూర్పు (1922)లో దేవునికీ మనిషికీ మధ్య అంతులేని దూరం అన్న కీర్కెగార్డ్ మాట నేరుగా కనిపిస్తుంది. 1937లో జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ "చౌక కృప"ను ఖండించినప్పుడు కూడా వెనక కీర్కెగార్డ్ ఉన్నాడు. హిట్లర్‌కు తలవంచిన చర్చిని ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న బోన్‌హోఫర్, మార్టెన్‌సెన్ తేలిగ్గా వాడేసిన సాక్షి అన్న మాటకు నిజంగా తగినవాడు. టిలిక్, బుల్ట్‌మన్ అనే వేదాంతులు వేరే దారిలో వెళ్ళినా అప్పు ఇక్కడిదే. స్పెయిన్ రచయిత ఉనమూనో ఈయన్ని డేనిష్‌లోనే చదివాడు.

చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

'క్షణం'తో మాత్రం మొదలుపెట్టొద్దు. కోపం ముందు కనబడితే దాని వెనకున్న ప్రేమ కనబడదు. బైబిలు బాగా తెలిసినవాళ్ళకు 'భయంతో, వణుకుతో' మంచిది. చిన్న పుస్తకం, ఆదికాండం 22 పక్కన పెట్టుకుని చదవండి. ఆ తరువాత 'ప్రేమ క్రియలు', రోజుకు కొన్ని పేజీల చొప్పున. తత్వశాస్త్రం అలవాటున్నవాళ్ళు 'మరణానికి దారితీసే వ్యాధి'కి వెళ్ళవచ్చు, మొదటి పేజీ చూసి బెదిరిపోకండి, అది అందరినీ బెదిరిస్తుంది. ఇవి అయ్యాక 'క్రైస్తవ్యంలో అభ్యాసం', దాని తరువాతే 'క్షణం'. ఇంగ్లీషులో హాంగ్ దంపతుల అనువాదాలు, అలాస్టర్ హానే అనువాదాలు సులువుగా దొరుకుతాయి. హానే భాష కాస్త తేలిక.